పొమ్మనుటే చాలా, పొమ్మనుటే మేలా?

ఎడిసన్ వాసి:
వేమన "చంపదగినయట్టి శత్రువు తన చేత చిక్కెనేని కీడు సేయరాదు" పద్యంలో మూడో పాదం, "పొసగ మేలు చేసి పొమ్మనుటే" చివర "చాలు" అనా, "మేలు" అనా? మా అమ్మ "మేలు" అనే నేర్పింది. న్యూజెర్సీ తుపాకీ చట్టం గురించి ఇక్కడి మనవాళ్ల కోసం ఒక పేజీ రాస్తున్నాను. 2010 డిసెంబరులో గవర్నర్ క్రిస్టీ ఒకతని ఏడేళ్ల శిక్షను అప్పటిదాకా గడిపినంతకే కుదించి ఇంటికి పంపారు. 2015 ఏప్రిల్‌లో ఒక తల్లికి ఏకంగా క్షమాభిక్షే ఇచ్చారు. మొదటిది "చాలు", రెండోది "మేలు" అని రాయాలని ఉంది.

ఆటవెలది:
"చాలు" అండి. "పొమ్మను" భగణం, "టేచాలు" తగణం. "టేమేలు" అన్నా తగణమే, కాబట్టి ఛందస్సు తేల్చదు. యతి పొ-పొలతో ముందే అయిపోయింది. అయినా "మేలు చేసి" అన్న నోటితో వెంటనే మళ్లీ "మేలు" అంటాడా వేమన?

గోదారి గట్టు:
ఎందుకనడు? "రుచుల జాడ వేరు" అన్నవాడే "పుణ్యపురుషులు వేరయా" అనలేదా? నోటి మీద బతికిన పద్యానికి పునరుక్తి దోషం కాదు, బలం.

ఆటవెలది:
అక్కడ రెండు "వేరు"ల మధ్య పాదం మారింది. ఇక్కడ ఒకే పాదం. ఆ పోలిక నిలవదు.

కృష్ణాతీరం:
మీరిద్దరూ చివరి మాట దగ్గరే ఆగారు. "తన చేత చిక్కెనేని" చూడండి. ఎవరి చేత? నా లెక్కన ఈ పద్యం గవర్నర్‌కు కాదు, ప్రాసిక్యూటర్‌కు. ఆ తల్లినే తీసుకోండి. 2013 అక్టోబరులో అట్లాంటిక్ కౌంటీలో కారు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకు తానే చెప్పింది, పెన్సిల్వేనియా పర్మిట్ కూడా చూపించింది. ఆ పర్మిట్ న్యూజెర్సీలో చెల్లదు. తుపాకీ నేరాలకు తప్పనిసరి జైలు విధించే గ్రేవ్స్ యాక్ట్ కింద కనీసం మూడున్నరేళ్లు పెరోల్ లేని జైలు. ప్రాసిక్యూటర్ సరేనంటే తప్ప ఆ కనీసం దిగదు. విచారణ లేకుండా బయటపడే ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్‌కు ఆయన మొదట ఒప్పుకోలేదు. 2014 సెప్టెంబరులో అటార్నీ జనరల్ ఆఫీసు ఇలాంటి కేసులపై వివరణ ఇచ్చాకే ఒప్పుకున్నారు. అంటే ఏడాది పాటు పిల్లల తల్లి జైలు భయంతో బతికింది. "కీడు సేయరాదు" అన్నది ఆ ఏడాది గురించే. క్షమాభిక్ష వచ్చేసరికి ఆ కీడు జరిగిపోయింది.

గోదారి గట్టు:
బాగా చెప్పారు. కానీ ఆ "క్షమాభిక్ష"లో "భిక్ష" నాకు మింగుడుపడదు. అడుక్కుంటే పెట్టేదా అది? భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి "క్షమ కవచంబు" అన్నాడు. ఎంత గొప్ప మాట! తొడుక్కున్నవాడికీ రక్షణే.

ఆటవెలది:
అక్కడ క్షమ అంటే ఓర్పు గారూ, మాఫీ కాదు. పక్కనే "క్రోధమది శత్రువు" ఉంది చూడండి.

ఎడిసన్ వాసి:
అయ్యా, నా "చాలు", "మేలు" సంగతి?

ఆటవెలది:
బ్రౌన్ 1829 వేమన పద్యాల సంకలనం తీసి చూడాలి. ఈలోగా "చాలు" అనే రాయండి.

గోదారి గట్టు:
"మేలు" రాయండి, అమ్మ నేర్పిన పాఠం.

కృష్ణాతీరం:
ఏది రాసినా "పొసగ" మాత్రం వదలకండి. తగినట్టుగా, మనిషినీ సందర్భాన్నీ చూసి అని. ప్రాసిక్యూటర్ విచక్షణకు నాకు తెలిసి ఇంతకంటే చక్కని తెలుగు లేదు.

ఆటవెలది:
"పొసగ" అంటే ఇక్కడ "బాగా" అనే, "తగినట్టుగా" అని కాదు. రాత్రికి వివరంగా రాస్తాను.