చాటున అన్న మాటకు ముఖం మీద మాఫీ అడగాలా? తౌబా (అల్లాహ్ ముందు పశ్చాత్తాపం) చాలదా?

కడప కోడలు: అస్సలాము అలైకుం. వచ్చే నెల ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్తున్నాం. బయల్దేరే ముందు చుట్టాలందరి ఇళ్లకూ వెళ్లి "కహా సునా మాఫ్ కరో" (అన్నవీ విన్నవీ మన్నించండి) అనడం మా వైపు ఆనవాయితీ. అందరితో అన్నాను, తోడికోడలి దగ్గర మాత్రం నోరు రాలేదు. రెండేళ్ల కింద ఆమె చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మేనత్త నాకు తెలిసినావిడ, పిల్ల ఎలాంటిదని అడిగింది. "కోపం ఎక్కువ, అత్తగారింట్లో ఇమడదు" అన్నాను. సంబంధం తప్పిపోయింది. ఆ మాట నాదని వాళ్లకు ఇప్పటికీ తెలీదు. చెప్పేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పాతబస్తీ భాయ్: చెప్పాల్సిందే అక్కా. పరువు విషయంలో గానీ మరో విషయంలో గానీ ఎవరికైనా జుల్మ్ చేసి ఉంటే, దీనారూ దిర్హమూ పనికిరాని రోజు రాకముందే ఇవాళే తేల్చుకోమని బుఖారీ గ్రంథంలోని హదీసు (ప్రవక్త మాట). సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో దివాలా తీసినవాడి హదీసు ఉంది కదా. నమాజు, రోజా, జకాత్ అన్నీ మోసుకొస్తాడు. కానీ ఒకరిని తిట్టాడు, ఒకరి మీద నింద వేశాడు, ఇంకొకరి సొమ్ము తిన్నాడు. పుణ్యాలన్నీ వాళ్లకు పంచగా అయిపోతే, వాళ్ల పాపాలు ఇతని నెత్తికెక్కుతాయి. షహీద్‌కు (ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడికి) కూడా అప్పు తప్పించి మిగతావే మాఫీ. ఉమ్రా చేసినంత మాత్రాన మనిషి హక్కు తీరదు.

నెల్లూరు టీచర్: నేను ఒప్పుకోను భాయ్. అప్పు తీరిస్తే అవతలివాడికి డబ్బు చేరుతుంది. గీబత్ (చాటున చెడు చెప్పడం) సంగతి చెబితే చేరేది కడుపుమంటే. ఇస్లామీ పండితుడు ఇబ్నె తైమియా, ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ ఇదే అన్నారు: చెప్పనక్కర్లేదు, వాళ్ల కోసం దువా చేయాలి, ఎక్కడ చెడ్డగా మాట్లాడామో అక్కడే మంచి మాట్లాడాలి. నా అనుభవం చెబుతా. ఒకాయన ఇంటికొచ్చి "నీ గురించి ఇలా అన్నాను, మాఫీ చెయ్" అన్నాడు. ఆయన బరువు దిగి హాయిగా చాయ్ తాగి వెళ్లాడు. నాకు మాత్రం నెల రోజులు అన్నం సహించలేదు.

పాతబస్తీ భాయ్: పండితుడు గజాలీ గారు అలా అనలేదు సార్. సొమ్ములా పరువుకు పరిహారం ఉండదు కాబట్టి మాఫీ అడగనక్కర్లేదనే వాదన బలహీనమని తన ఇహ్యా గ్రంథంలో రాశారు.

సైలెంట్ రీడర్: షబె బరాత్ రాత్రి "నా వల్ల నొప్పి కలిగి ఉంటే మాఫీ చేయండి" అని రెండొందల మందికి ఫార్వర్డ్ చేసేవాళ్లం మనం. నిజంగా నొప్పించినవాడి నంబరు మాత్రం బ్లాక్‌లో ఉంటుంది :)

బెజవాడ వకీలు: ఒక్క నిమిషం. మీరిద్దరూ గీబత్ అనుకునే వాదిస్తున్నారు. పెళ్లి సంబంధం గురించి అడిగితే ఉన్నది చెప్పడానికి అనుమతి ఉంది. ఫాతిమా బిన్తె ఖైస్ గారు తనను పెళ్లికి అడిగినవాళ్ల గురించి సలహా కోరితే, ఒకరు డబ్బు లేనివారని, ఇంకొకరు భుజం మీది కర్ర దించరని, అంటే చెయ్యి చేసుకుంటారని దైవప్రవక్త (స) చెప్పారు. అక్కా, ఆ పిల్ల కోపం మీరు స్వయంగా చూశారా?

కడప కోడలు: లేదండీ. ఆ వారమే తోడికోడలితో వంటింట్లో పెద్ద గొడవైంది. ఆ కసి మీద అన్నాను. పిల్ల నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడింది కూడా లేదు.

బెజవాడ వకీలు: అయితే ఇది గీబతే కాదు. ఉన్నది అంటే గీబత్, లేనిది అంటే బొహ్తాన్ (అబద్ధపు నింద), హదీసులోనే ఉంది. పిల్లకు చెప్పాలా వద్దా అన్నది తర్వాతి మాట. ముందు ఆ మేనత్త దగ్గర మీ మాట అబద్ధమని ఒప్పుకోవాలి.

నెల్లూరు టీచర్: ఇక్కడ వకీలు గారితో నేనూ ఏకీభవిస్తా. నేను చెప్పిన "అక్కడే మంచి మాట్లాడటం" ఇదే. పిల్లకు చెప్పే విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

పాతబస్తీ భాయ్: నేనూ మార్చుకోను. ఆమె సంబంధం పోయింది సార్, ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు ఆమెకు లేదా?

కడప కోడలు: ఆ అబ్బాయికి పెళ్లైపోయింది. ఇప్పుడు ఆవిడకు చెప్పి ఏం లాభం?

బెజవాడ వకీలు: పిల్లకు అయిందా?

కడప కోడలు: ఇంకా లేదు.

బెజవాడ వకీలు: రేపు ఇంకెవరో ఆ పిల్ల గురించి ఆవిడనే అడిగితే ఏం చెబుతుంది? మీరు చెప్పిందే. ఫోన్‌లో వద్దు, ఇంటికి వెళ్లి చెప్పండి. "ఎవరో అనగా విన్నాను" అనకండి.