నాల్ట్రెక్సోన్ 50 మొదలుపెట్టాక వికారం, తలనొప్పి: మానేయాలా, తట్టుకోవాలా?

ప్రశ్న – గోదారిగట్టు
మా వారికి తాగుడు తగ్గడానికి సైకియాట్రిస్ట్ గారు నాల్ట్రెక్సోన్ 50 రోజుకొకటి రాశారు. ఇవాళ్టికి నాలుగో రోజు. పొద్దున్నే కాఫీ తాగి వేసుకుంటారు, గంటలోపే కడుపులో తిప్పుతుంది, మధ్యాహ్నానికి తలనొప్పి. ఇంట్లో నడుంనొప్పికి తెచ్చిన ట్రమడాల్ కలిసిన బిళ్ళలున్నాయి, వేయొచ్చా? ఆయన మానేస్తానంటున్నారు. మా అత్తగారేమో తెలియకుండా పప్పులో కలిపే బిళ్ళ తెప్పిస్తానంటున్నారు.

జవాబు – మందులకొట్టు
ట్రమడాల్ వద్దే వద్దండి. అది పనిచేసే చోటును నాల్ట్రెక్సోన్ మూసేస్తుంది, నొప్పి తగ్గదు. తగ్గలేదని ఇంకో రెండు మింగితే ప్రాణం మీదికొస్తుంది. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లదీ ఇదే దారి. స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఏమేం కలిసుందో చదవండి, పైన పేరు చూసి మోసపోవద్దు.

ఇంకో మాట. ఈ బిళ్ళ మొదలుపెట్టే ముందు వారం, పది రోజుల్లో ఆయన ట్రమడాల్ వేసుకున్నారా? వేసుకుని ఉంటే ఇది మామూలు వికారం కాకపోవచ్చు. ఒళ్ళు నొప్పులు, చెమటలు, గగుర్పాటు, విరేచనాలు కూడా ఉంటే ఇవాళే డాక్టర్‌కి చెప్పండి.

తలనొప్పికి పారాసిటమాల్ 500 చాలు. తాగే అలవాటున్నవాళ్ళ కాలేయానికి రోజుకు 2 గ్రాములు, అంటే నాలుగు బిళ్ళలు, దాటనివ్వకండి.

జవాబు – వార్డు సిస్టర్
అసలు చిక్కు ఖాళీ కడుపు. కాఫీ తిండి కింద లెక్క కాదు. నాలుగు ఇడ్లీలో, పెరుగన్నమో కడుపునిండా తిన్నాక వేసుకోమనండి. మధ్యాహ్నం భోజనం తర్వాతైనా సరే, రోజూ అదే వేళకి. రాత్రికి మారిస్తే కొందరికి వికారం తెలియదు గానీ నిద్ర చెడుతుంది, ఆయనకి ఏది పడుతుందో చూడాలి.

అప్పటికీ తగ్గకపోతే సగం బిళ్ళ, 25 మి.గ్రా., కొన్ని రోజులు వేసి మళ్ళీ 50కి వెళ్ళొచ్చేమో డాక్టర్‌ని అడగండి. చాలామందికి అలాగే మొదలుపెడతారు. వికారం ఎక్కువగా మొదటి వారం, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేయకూడదు.

చేతులు వణకడం, లేనివి కనబడటం, ఫిట్స్ ఈ బిళ్ళ వల్ల రావు. తాగుడు ఒక్కసారిగా ఆపితే వస్తాయి. అలాంటప్పుడు ఎదురుచూడకుండా ఆసుపత్రికే వెళ్ళాలి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కుడి డొక్కలో నొప్పి వచ్చినా బిళ్ళ ఆపి వెంటనే చూపించండి. లివర్ టెస్టు మొదలుపెట్టకముందే చేయించారా? లేకపోతే ఇప్పుడైనా చేయించండి.

జవాబు – మందులకొట్టు
అత్తగారు చెప్పేది బహుశా డైసల్ఫిరామ్. చాటుగా కలపొద్దని దయచేసి గట్టిగా చెప్పండి. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే మనిషే దక్కకపోవచ్చు. తెలిసిన మనిషి జాగ్రత్తపడతాడు, తెలియనివాడు సాయంత్రం కల్లు ముంతతో కూర్చుంటాడు. ఆఖరి బిళ్ళ తర్వాత రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. దశమూలారిష్టం లాంటి అరిష్టాలు, కొన్ని టానిక్కులు, మౌత్‌వాష్‌లో ఉండే కాస్త ఆల్కహాల్ కూడా చాలు. నాల్ట్రెక్సోన్‌తో ఈ గొడవ లేదు. అది తాగితే వచ్చే కిక్కునీ, తాగాలన్న యావనీ తగ్గిస్తుందంతే. తాగితే మత్తు మాత్రం మామూలుగానే ఎక్కుతుంది, బండి తీయనివ్వకండి.

గోదారిగట్టు
ట్రమడాల్ ఆఖరుసారి వేసుకుని నెల దాటిందట. రేపటి నుంచి ఇడ్లీ తిన్నాకే ఇస్తాను. పంటికి ఆపరేషన్ ఉంది వచ్చే నెల, దానికేం చేయాలి?

జవాబు – వార్డు సిస్టర్
డెంటిస్టుకి ఈ స్ట్రిప్ చూపించండి, నాల్ట్రెక్సోన్ అని చీటీ మీద రాయించి ఆయన పర్సులో పెట్టండి. ట్రమడాల్ లాంటివి తప్పనిసరైతే ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు బిళ్ళ ఆపమంటారు. ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో సైకియాట్రిస్ట్ గారే చెప్పాలి.