ప్రసంగాలకు మన ఊరి ఉదాహరణలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ వందనాలు. హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు ఒక చిన్న సంఘంలో వాక్యం చెబుతుంటాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే అక్కలు, ఆటో నడిపే అన్నలు. నాకు దొరికిన ఉదాహరణల పుస్తకాల నిండా మంచు తుఫానులు, ఓడ కెప్టెన్లే. యేసు ప్రభువు విత్తనాలు, పులిసిన పిండి, పోయిన నాణెం గురించి చెప్పాడు. అవన్నీ విన్నవారి ఇళ్లలో ఉన్నవే కదా!

ఈమధ్య 46వ కీర్తన మీద మాట్లాడుతూ 1908 మూసీ వరద సంగతి చెప్పాను. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును చూసినవారు మా సంఘంలోనే ఉన్నారు. దేవుడే ఆశ్రయం అన్న ఆ కీర్తన మాట ప్రసంగం రోజు మావాళ్లకు సూటిగా చేరింది.

ఇలాంటివి ఇంకా కావాలి, ముఖ్యంగా క్షమాపణ గురించి. మత్తయి 18లో తన బాకీ మాఫీ పొందినా తోటివాడి బాకీ మాఫీ చేయని దాసుడి కథకు తోడుగా, చిట్టీలు, చేబదుళ్లు తెలిసినవారికి హత్తుకునేలా మీరు ఏం చెప్పారు? సంఘంలో ఎవరి ఇంటి గుట్టూ బయటపడకూడదు, అది నాకు చాలా ముఖ్యం.

అలాగే శ్రమల దినాల (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల) శుక్రవారం కూడికలకు ఆరాధన క్రమం గురించి కూడా చెప్పండి. మా పెద్దల్లో చాలామందికి చదువు రాదు, కాగితం చేతికిస్తే మౌనంగా ఉండిపోతారు. 136వ కీర్తనలో 26 వచనాలకూ ఒకే పల్లవి ఉన్నట్టు, ఒకరు చెబితే అందరూ ఒకే మాటతో బదులిచ్చే పద్ధతి పెడదామనుకుంటున్నాను. మీ సంఘంలో ఎవరైనా చేశారా? పిల్లలకు ఏ భాగం ఇచ్చారు?