సమస్యాపూరణం: బట్ట విడిచి నిలువఁ బరువు పెరిగె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

*బట్ట విడిచి నిలువఁ బరువు పెరిగె*

నియమం ఒకటే. కోడ్ రాయడం ఇష్టమై, సీఎస్ఎస్ (వెబ్ పేజీకి రంగులూ అమరికా ఇచ్చే భాష, అంటే పేజీ బట్ట) అంటే గిట్టనివాడు తన పనులు చూపే సొంత పోర్ట్‌ఫోలియో సైటు కట్టుకుంటున్న సందర్భానికి అన్వయించాలి. అశ్లీలానికి పోవద్దు. ఏటా ఏప్రిల్ 9న కొందరు తమ సైట్లకు సీఎస్ఎస్ తీసేసి ఒక రోజంతా అలాగే ఉంచుతారు. ఈ సమస్య అక్కడే తట్టింది.

పాతకాపు:

శైలిపత్రమెల్లఁ జల్లగాఁ దొలగించి
శీర్షికలను వరుసఁ జేర్చి చూడఁ
బేజి కథనుఁ జెప్పెఁ బిలుపు వచ్చెను నాకు
బట్ట విడిచి నిలువఁ బరువు పెరిగె.

నిర్వాహకుడు: పాతకాపు గారూ, నిర్దోషంగా ఉంది. శై-జ, శీ-జే యతులు చక్కగా కుదిరాయి. రెండో పాదమే పద్యానికి ప్రాణం. పెద్ద శీర్షిక హెచ్1 కింద ఉపశీర్షిక హెచ్2, దాని కింద హెచ్3 సరిగ్గా ఉంటే అలంకారం లేకపోయినా పేజీ చదివించుకుంటుంది. అక్షరం లావుగా కనిపించాలని హెచ్4 వాడేవాళ్లకు ఈ పరువు దక్కదు. 1991లో సెర్న్‌లో పెట్టిన మొదటి వెబ్ సైటుకూ బట్టల్లేవు, సీఎస్ఎస్ మొదటి ప్రమాణం వచ్చింది 1996 డిసెంబరులో కదా.

కీబోర్డు కవి: నాది సొంత అనుభవం. జేయెస్సంటే జావాస్క్రిప్ట్, మెగలంటే మెగాబైట్లు. నవ్వకండి.

సీయెసెస్సు వద్దు జేయెస్సె చాలంటి
కట్టలెన్నొ తెచ్చి కట్టినాను
మూడు వరుసలున్న ముఖపుటే మెగలాయె
బట్ట విడిచి నిలువ బరువు పెరిగె.

నిర్వాహకుడు: నవ్వకుండా ఎలాగండీ! నేను ‘పరువు’ అనుకుని ఇచ్చాను, ద్రుతసంధి (నిలువన్ + పరువు = నిలువఁ బరువు) పుణ్యమా అని మీకు ‘బరువు’ దొరికింది. ఇది నాకు తట్టనే లేదు. ‘కట్టలు’ కూడా బండిల్‌కు, అంటే కోడ్ మూటకు, సరిగ్గా అతికింది. అరసున్న తీసేయడమూ సరైనదే. ‘బరువు’లోని బ మొదటినుంచీ సరళమే కాబట్టి దాని ముందు నిలువన్‌లోని నకారం లోపిస్తుంది.

పాతకాపు: విషయంలో ఒక మాట. సీఎస్ఎస్ వద్దనుకున్నవాళ్లు యూఐ లైబ్రరీ (ముందే తయారైన బటన్లు, పెట్టెల మూట) తెచ్చుకుంటే బట్ట వదిలినట్టు కాదు, పెట్టె మోసినట్టు. చాలాసార్లు ఆ స్టైల్స్ జావాస్క్రిప్ట్‌లో దాక్కుని వస్తాయి. అది దిగి, నడిచేదాకా చూసేవాడికి తెల్ల తెరే.

అర్ధరాత్రి కోడర్: మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి. డివ్వంటే పేజీలో ఒక పెట్టె.

రంగుపొంగు లెరుగ, రాత్రంత కూర్చుంటి
డివ్వు మధ్య కెట్లు మళ్ళునంచు
విసిగి తీసివేయ విరిసె నక్షరరాశి
బట్ట విడిచి నిలువఁ బరువు పెరిగె.

నిర్వాహకుడు: భావం బాగుంది, మూడో పాదం మరీనూ. రెండో పాదంలో యతి తప్పింది: డి, మ కలవవు. ఒక్క మాట జరిపితే చాలు: ‘మధ్య కెట్లు డివ్వు మళ్ళునంచు’. డివ్వును జరపడం దీనికంటే కష్టమేం కాదండీ. 2017లో గ్రిడ్ అనే సీఎస్ఎస్ అమరిక పద్ధతి బ్రౌజర్లలోకి వచ్చాక రెండు వరుసల పని: డిస్‌ప్లే గ్రిడ్, ప్లేస్ ఐటమ్స్ సెంటర్.

అర్ధరాత్రి కోడర్: ధన్యవాదాలు. అన్నీ తీసేశాక ఫోన్‌లో చీమలంత అక్షరాలు కనబడుతున్నాయి. బట్ట పూర్తిగా విడవకూడదా?

పాతకాపు: అది బట్ట గొడవ కాదు. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టలేదేమో చూడండి. అది లేకపోతే ఫోను మీ పేజీని కంప్యూటరు తెరకు రాసిందనుకుని కుదించి చూపిస్తుంది. పేజీ రాసే హెచ్‌టీఎంఎల్‌లోనే ఒక వరుస. పెద్ద తెర మీద వాక్యం ఈ చివరినుంచి ఆ చివరికి పారితే మ్యాక్స్ విడ్త్, అంటే వెడల్పుకు హద్దు, ఒకటి ఇవ్వండి. తెలుగులో రాసేట్టయితే ఇంకో సంగతి. ఇంగ్లిషు టెంప్లేట్లలో లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 అలా బిగించి ఉంటే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. నేను 1.7 పెడతాను.

అర్ధరాత్రి కోడర్: అంటే రెండు వరుసల సీఎస్ఎస్. సమస్యకు భంగం కాదా?

నిర్వాహకుడు: గోచీ బట్ట కింద లెక్క రాదు లెండి.

తెనుగుమూల: నేను వేరే దారిన వచ్చాను. పాదం విరుపు చూడండి.

పరుల టెంప్లెటెల్లఁ బక్కకు నెట్టితి
మెరుపులేల నన్ను మెచ్చుకొనగఁ
దెలిసినట్టి కోడె తీరైన పనిగఁ జేఁ
బట్ట, విడిచి నిలువఁ బరువు పెరిగె.

నిర్వాహకుడు: చేఁబట్ట! బట్టే లేకుండా చేశారు. సమస్యను ఇలా విరవడం పాత అవధానుల ఎత్తు. ఒక్క లోపం: ‘విడిచి’ అన్నారు, దేన్ని? మెరుపుల్ని రెండో పాదంనుంచి మోసుకురావాలి. దూరాన్వయం.

తెనుగుమూల: నిజమే. కానీ అప్పుడే డిప్లాయ్ చేసి నెట్‌లో పెట్టేశాను.