దాళ్వా (రబీ) వరిలో నీళ్లు ఆరగట్టి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి, కాలువ కింద రెండెకరాల వరి. 1121 రకం, నాట్లేసి పాతిక రోజులైంది.

మడిలో కాలు పెడితే బుడబుడమని బుడగలొస్తాయి కదా, అందులో మీథేన్ ఉంటుందని ఈమధ్యే తెలిసింది. నిల్వనీటి కింద మట్టికి గాలి ఆడక, దున్నేసిన గడ్డీ మోళ్లూ కుళ్లి పుడుతుందట. 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అన్నం వెనక ఇంత కథ ఉందనుకోలేదు.

అది తగ్గాలంటే మడిని మధ్యమధ్యలో ఆరనివ్వాలట. ఆ తడి-పొడి పద్ధతి చేద్దామని చిల్లుల పైపు ఒకటి కోసి పెట్టుకున్నా. దాన్ని మడిలో పాతి, లోపల నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ పెట్టాలి. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. ఇంతవరకు అర్థమైంది.

నాన్న ఒప్పుకోవట్లేదు. "వంతు తప్పితే నీళ్లు ఎవడిస్తాడురా?" అంటున్నారు. ఆయన మాటా కొట్టిపారేయలేను. పైగా మాది నల్లరేగడి, నెర్రెలిస్తే పెట్టిన నీళ్లన్నీ అందులోకే పోతాయేమోనని టెన్షన్. ఎగువ చేను నుంచి ఊట కూడా వస్తుంది, గట్టు పక్కన ఎప్పుడూ చిత్తడే. అలాంటప్పుడు పైపు ఎక్కడ పాతితే లెక్క సరిగ్గా తెలుస్తుంది?

కాలువ కింద చేసినవాళ్లు వంతుల మధ్య ఎలా సర్దుకున్నారు? కలుపు ఎంత పెరిగింది? దిగుబడి తగ్గిందా? ముందు అరెకరంలో చేసి చూడనా? వచ్చే వంతు నాలుగు రోజుల్లో ఉంది, కాస్త త్వరగా చెప్పండి.