మాజిక్‌లో నల్ల డిస్కార్డ్ డెక్: ఎదుటివారి చెయ్యి ఖాళీ అవుతోంది, ఆట మాత్రం గెలవడం లేదు

ప్రశ్న, మారతహళ్ళి నుంచి

అందరికీ నమస్కారం. నేను శుక్రవారం సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి మాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటను మోడర్న్ అనే పోటీ పద్ధతిలో ఆడతాను. ఇది పేకాట కాదని మా అమ్మకు రెండేళ్ళుగా చెబుతున్నాను, ఆమె ఇంకా నమ్మలేదు. ఎదుటివారిని ఏమీ చేయనీయకుండా అడ్డుకోవడమే పనిగా, నల్ల రంగు ఒక్కదానితో 60 ముక్కల డెక్ ఒకటి కట్టుకున్నాను. అందులో 24 ల్యాండ్‌లు (మిగతా ముక్కలు వేయడానికి ఖర్చయ్యే మనా అనే శక్తినిచ్చేవి) ఉన్నాయి. మిగిలినవి ఎదుటివారి చేతి ముక్కలను పారేయించే (డిస్కార్డ్) థాట్‌సీజ్, ఇన్‌క్విజిషన్ ఆఫ్ కోజిలెక్, డ్యురెస్, రేవెన్స్ క్రైమ్, రెంచ్ మైండ్, ఇంకా స్మాల్‌పాక్స్, లిలియానా ఆఫ్ ద వెయిల్, ఫేటల్ పుష్, చేతిలో ముక్కలు తగ్గినవారిని దెబ్బకొట్టే ద ర్యాక్; ఇవన్నీ నాలుగేసి చొప్పున పెట్టాను.

గత శుక్రవారం జరిగింది చెబుతాను. నాలుగో టర్న్‌కల్లా ఎదుటి ఆటగాడి చేతిలో ఒక్క ముక్క కూడా లేదు. నా చేతిలో రెండు డ్యురెస్‌లు, ఒక ఇన్‌క్విజిషన్ ఉన్నాయి. ఆయన పైనుంచి తీసిన ముక్క టార్మోగోయిఫ్ అనే జీవి. గ్రేవ్‌యార్డ్‌లలో (వాడేసిన, పారేసిన ముక్కల కుప్పల్లో) ఎన్ని రకాల కార్డులుంటే దానికి అంత బలం కాబట్టి, నేను పారేయించిన ముక్కలే దాన్ని 4/5గా (బలం 4, ఓర్పు 5) తయారుచేశాయి. తర్వాతి ఐదు టర్న్‌లలో నాకు ల్యాండ్‌లు, మరిన్ని డిస్కార్డ్ ముక్కలు తప్ప మరేమీ రాలేదు. పాముకు పాలు పోసి పెంచినట్టు అయింది. ఆ సాయంత్రం నాలుగు మ్యాచ్‌లలో మూడు ఇదే తీరున ఓడిపోయాను. డిస్కార్డ్ ముక్కలు ఇంకా పెంచాలా, లేక నేను ఆడే పద్ధతిలోనే లోపం ఉందా?

మొదటి సమాధానం, జయనగర్ నుంచి

పెంచకండి, తగ్గించండి. మీ డెక్‌లో 20 డిస్కార్డ్ ముక్కలున్నాయి, గెలిపించే ముక్కలు మాత్రం నాలుగు ర్యాక్‌లే. లిలియానాను కలుపుకున్నా ఆమె పని అడ్డుకోవడమే తప్ప చంపడం కాదు. థాట్‌సీజ్ మొదటి టర్న్‌లో వేస్తే దానంత మంచి ముక్క మరొకటి లేదు. అదే ముక్క ఎనిమిదో టర్న్‌లో, ఎదుటివారి చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వస్తే చిత్తు కాగితంతో సమానం. పైగా డిస్కార్డ్ అంటే ఒక ముక్క ఖర్చుపెట్టి ఒక ముక్కను తీయించడమే కనుక ఇద్దరూ సమానంగా పేదలవుతారు. ఆ తర్వాత పైనుంచి ఎవరికి మంచి ముక్క వస్తే వారిదే ఆట. మీ పైముక్కల్లో మూడో వంతు డిస్కార్డ్‌లే ఉన్నప్పుడు ఆ పందెంలో మీరు నెగ్గడం కష్టం.

లెక్క చూడండి. 60 కార్డులలో ఎనిమిది ఒక మనా డిస్కార్డ్‌లు ఉంటే, మొదటి ఏడు ముక్కల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం సుమారు 65 శాతం. పన్నెండు ఉంటే 81 శాతం. అక్కడిదాకా పెంచడంలో అర్థముంది. ఆ పైన పెరిగేది కొంచెం, తర్వాత చేతిలో కుళ్ళేది ఎక్కువ. ఇప్పుడు ర్యాక్ సంగతి: రెండో ఆటగాడిగా నాలుగో టర్న్‌కు మీరు 11 ముక్కలు చూస్తారు. నాలుగే ర్యాక్‌లుంటే వాటిలో ఒకటి కనబడే అవకాశం 57 శాతం దాటదు. ర్యాక్ లాంటివే నాలుగు ష్రీకింగ్ అఫ్లిక్షన్‌లు చేరిస్తే అది 82 శాతం అవుతుంది. ఈ డెక్‌ను అందరూ ఎయిట్ ర్యాక్ అని పిలవడం ఈ ఎనిమిదింటి వల్లనే.

కాబట్టి నాలుగు డ్యురెస్‌లు, రెండు రేవెన్స్ క్రైమ్‌లు తీసేసి, నాలుగు అఫ్లిక్షన్‌లు, రెండు ఎన్‌స్నేరింగ్ బ్రిడ్జ్‌లు పెట్టండి. మీ చేతిలో ఎన్ని ముక్కలున్నాయో అంతకు మించిన బలమున్న జీవులను బ్రిడ్జ్ దాడికి రానివ్వదు. మీ చెయ్యి ఎలాగూ ఖాళీ అవుతుంది కనుక ఆ టార్మోగోయిఫ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయేది. తీసిన డ్యురెస్‌లను పారేయకండి, సైడ్‌బోర్డ్‌లో (మ్యాచ్‌లో ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే అదనపు ముక్కల్లో) వాటికి పని ఉంది.

రేవెన్స్ క్రైమ్‌ను పూర్తిగా ఎందుకు తీయమనలేదంటే, అనుభవమున్న ఆటగాళ్ళు ర్యాక్ చూడగానే అవసరం లేని ల్యాండ్‌లను చేతిలోనే దాచుకుంటారు. అప్‌కీప్‌లో (వారి టర్న్ మొదట్లో, ముక్క తీయకముందు) వారి చేతిలో ఏమీ లేకపోతే ర్యాక్ 3 దెబ్బ కొడుతుంది, ఒకటుంటే 2, రెండుంటే 1. అఫ్లిక్షన్ అయితే ఒకటి లేక సున్నా ఉన్నప్పుడే 3 లైఫ్ తీస్తుంది, రెండుంటే నోరెత్తదు. అంటే రెండు ల్యాండ్‌లు పట్టుకుని కూర్చున్నవారి ముందు మీ రెండు ముక్కలూ కలిసి టర్న్‌కు ఒక్క లైఫే తీస్తాయి. రేవెన్స్ క్రైమ్‌ను గ్రేవ్‌యార్డ్ నుంచి ల్యాండ్ ఒకటి పారేసి మళ్ళీ మళ్ళీ వేయవచ్చు కనుక, మీకు అక్కరలేని ల్యాండ్‌తో వారు దాచుకున్న ల్యాండ్‌ను బయటికి లాగుతారు. ఇలా మళ్ళీ వచ్చే ముక్కకు రెండు ప్రతులు చాలు.

రెండో సమాధానం, ఇందిరానగర్ నుంచి

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే మీరు ఏ ముక్క తీయిస్తున్నారన్న విషయం కూడా చూడాలి. చాలామంది థాట్‌సీజ్ వేయగానే చేతిలో అన్నిటికన్నా భయంకరంగా కనబడే ముక్కను తీస్తారు. ఎదుటివారి చేతిలో రెండే ల్యాండ్‌లున్నప్పుడు ఆరు మనాల రాక్షసిని తీసినందువల్ల ప్రయోజనం లేదు, రెండో టర్న్‌లో దిగే చిన్న జీవే మిమ్మల్ని చంపుతుంది. చూసిన చేతిని కాగితం మీద రాసుకోండి; మ్యాచ్ జరుగుతుండగా రాసుకోవడానికి నియమాలు అనుమతిస్తాయి. నేను రాసుకోవడం మొదలుపెట్టాకే రెంచ్ మైండ్‌ను ఎప్పుడు ఆపి ఉంచాలో నాకు తెలిసివచ్చింది. ఆకుపచ్చ డెక్‌వారు ఆబ్‌స్టినేట్ బాలోత్ అనే జీవిని పెట్టుకుంటే, మీ వల్ల పారేయవలసి వచ్చినప్పుడు అది గ్రేవ్‌యార్డ్‌కు పోకుండా నేరుగా ఆటలోకి దిగుతుంది. థాట్‌సీజ్‌తో ముక్కను ఎంచుకునేది మీరు కాబట్టి దాని జోలికి పోకుండా ఉండవచ్చు. రెంచ్ మైండ్‌తోనూ లిలియానాతోనూ ఎంచుకునేది వారు.

ట్రాన్ (అర్జా ల్యాండ్‌లతో త్వరగా ఎక్కువ మనా తెచ్చుకునే డెక్) ఎదురైతే ఇన్‌క్విజిషన్ పరిమితి గుర్తుంచుకోండి. అది మూడు మనాలు లేక అంతకు తక్కువ ఖర్చయ్యే ముక్కలనే తీయగలదు కనుక ఏడు మనాల కార్న్ లిబరేటెడ్‌ను ముట్టుకోలేదు. డ్యురెస్ ముట్టుకోగలదు, అందుకే దాన్ని సైడ్‌బోర్డ్ నుంచి లోపలికి తేవాలి. అర్జా ల్యాండ్‌లు మూడూ కలిస్తే మూడో టర్న్‌కే ఏడు మనా వస్తుంది. డ్యాంపింగ్ స్ఫియర్ ఉంటే వాటిలో ప్రతి ఒక్కటీ ఒక్క మనాయే ఇస్తుంది. నా సైడ్‌బోర్డ్‌లోని 15 ముక్కల్లో మూడు అవే.

లేలైన్ ఆఫ్ శాంక్టిటీ చూసి మాత్రం కంగారుపడకండి. అది ఆటగాడిని లక్ష్యంగా చేసుకునే థాట్‌సీజ్, ఇన్‌క్విజిషన్, రెంచ్ మైండ్, రేవెన్స్ క్రైమ్ వంటివాటిని ఆపుతుంది. స్మాల్‌పాక్స్‌లోనూ లిలియానా మొదటి సామర్థ్యంలోనూ (ఇద్దరి చేతా ఒక్కో ముక్క పారేయించేది) లక్ష్యం లేదు, ర్యాక్, అఫ్లిక్షన్‌లలో కూడా లేదు. అవి లేలైన్ ఉన్నా మామూలుగానే పనిచేస్తాయి. బర్న్ డెక్ (నేరుగా లైఫ్‌కే దెబ్బకొట్టే డెక్) ఎదురైనప్పుడు థాట్‌సీజ్‌లను బయటికి తీయడం నా అలవాటు. రెండుసార్లు వేస్తే మీరే పోగొట్టుకునే 4 లైఫ్, వారి లైట్నింగ్ బోల్ట్ ఒకటి కొట్టే దెబ్బకన్నా ఎక్కువ.

మూడో సమాధానం, వైట్‌ఫీల్డ్ నుంచి

ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. ఈ ఆలోచనను ఆదివారం కమాండర్ బల్ల దగ్గరికి తీసుకురాకండి. అక్కడ నలుగురు ఆడతారు, ఒక్కొక్కరికి 40 లైఫ్. మీరు ఒక ముక్క ఖర్చుపెట్టి ఒకరి ముక్క తీయిస్తే మీరిద్దరూ నష్టపోతారు, మిగతా ఇద్దరూ కూర్చున్నచోటే లాభపడతారు. నేను ఆ పని చేసి, ముగ్గురూ కలిసి నా మీద పడ్డాక, అందరికన్నా ముందే ఆట నుంచి బయటపడి ఫిల్టర్ కాఫీ తాగుతూ మిగిలిన ఆటంతా చూశాను.

ప్రశ్న అడిగినవారు, మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం గదిలో ఉండే స్నేహితుడితో కొత్త జాబితాను పది ఆటలు ఆడి చూశాను, ఆరు గెలిచాను. అఫ్లిక్షన్‌లు దొరికాయి, బ్రిడ్జ్‌లు లేక వాటి స్థానంలో కాగితం మీద పేరు రాసి కవర్‌లో పెట్టుకున్నాను. చివరి ఆటలో అతను మీరు చెప్పినట్టే రెండు ల్యాండ్‌లు పట్టుకుని, నా ర్యాక్‌ను, అఫ్లిక్షన్‌ను చూసి నవ్వుతూ కూర్చున్నాడు. నేను ఆ టర్న్‌లో తీసిన స్వాంప్ అనే ల్యాండ్‌ను ఆడకుండా పారేసి రేవెన్స్ క్రైమ్ వేశాను, ఒక ల్యాండ్ పోయింది. తర్వాతి అప్‌కీప్‌లో అతని చేతిలో ఒక్కటే మిగిలింది కనుక ర్యాక్ 2, అఫ్లిక్షన్ 3, మొత్తం 5 లైఫ్ పోయింది. అప్పటికి అతనికున్నది 4.

ఒక విషయంలో మాత్రం నాకింకా సందేహం ఉంది. బ్రిడ్జ్ ఆటలో ఉండగా లిలియానాతో నా చేతిని కూడా ఖాళీ చేసుకోవడం బాగానే ఉంది, కానీ బ్రిడ్జ్‌ను ఎవరైనా పగలగొడితే చేతిలో ఏమీ లేకుండా దొరికిపోతున్నాను. పది ఆటల్లో రెండు అలాగే పోయాయి. అందుకని రెండో బ్రిడ్జ్ స్థానంలో మ్యూటవాల్ట్ (జీవిగా మారగల ల్యాండ్) పెట్టి, ల్యాండ్‌లు 25 చేసి చూద్దామనుకుంటున్నాను. మొదటి బ్రిడ్జ్ అయినా కాగితం కాకుండా అసలుది కావాలి. ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే శుక్రవారం తీసుకురండి. మార్పిడికి నా దగ్గర రెండు రేవెన్స్ క్రైమ్‌లు, ఒక డ్యురెస్ ఉన్నాయి, వాటితో సరిపోదని నాకూ తెలుసు.