పుట్టినరోజున తన ఆఫీసుకెళ్ళి ప్రపోజ్ చేయొచ్చా?

వెన్నెలపిచ్చి:
ఒకమ్మాయితో పరిచయమై ఎక్కువ కాలం కాలేదు. అప్పుడప్పుడూ కలుస్తున్నాం, రోజూ మెసేజ్‌లు నడుస్తున్నాయి. వచ్చేవారం తన పుట్టినరోజు. చెప్పాపెట్టకుండా ఆఫీసుకెళ్ళి, టీమంతా చూస్తుండగా గిటార్‌తో పాట పాడి మనసులో మాట చెప్పేద్దామని ప్లాన్. ఫ్రెండ్ వీడియో తీస్తానన్నాడు. మరీ అతిగా ఉంటుందా? తిట్టకుండా చెప్పండి.

గళ్ళచొక్కా:
తిట్టను గానీ, గిటార్ ఇంట్లో పెట్టేసి వెళ్ళు తమ్ముడూ. నువ్వు రాసినదాంట్లో నీ పాట ఉంది, నీ ఫ్రెండ్ కెమెరా ఉంది, చూసే జనం ఉన్నారు. ఆ అమ్మాయికేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. నలుగురి మధ్య అడిగితే వద్దనడానికి ఆమెకి చోటేది? మొహమాటానికి నవ్వుతుంది, నువ్వు దాన్ని సరే అనుకుంటావు. నువ్వెళ్ళిపోయాక ఆ చూపుల మధ్య కూర్చుని పని చేసుకోవాల్సింది ఆమే.

జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు కొత్త జంటలని గమనించి, ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళ సంగతి చూశాడు. "ఇది చూశావా" లాంటి చిన్న చిన్న పలకరింపులకి, కలిసున్నవాళ్ళు 86 శాతం సార్లు స్పందించారట. విడిపోయినవాళ్ళు 33 శాతమే. అందులో పాటల లెక్క లేదు మరి!

నిద్రపట్టనిపిల్ల:
నాకైతే అలా ఎవరైనా ఊడిపడితే వెనక తలుపులోంచి పారిపోతా. కొందరికి నచ్చుతుంది, కాదనను. తను ఏ రకమో కనుక్కున్నావా? 2017లో హార్వర్డ్ పరిశోధకులు స్పీడ్ డేటింగ్ (కొత్తవాళ్ళతో ఒకరి తర్వాత ఒకరితో కొద్ది నిమిషాలు మాట్లాడి చూసుకోవడం) మాటల్ని పరిశీలించారు. అవతలివాళ్ళు చెప్పినదాన్నే పట్టుకుని ఇంకో ప్రశ్న అడిగేవాళ్ళతో మళ్ళీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. నీ మెసేజ్‌లు ఒకసారి పైకి జరిపి చూసుకో, ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో.

వెన్నెలపిచ్చి:
అయితే ఆ రోజు ఏమీ చేయొద్దంటారా? ఉత్త విషెస్సేనా?

గళ్ళచొక్కా:
పొద్దున్నే ఫోన్ చెయ్యి. పనయ్యాక కాసేపు కలుద్దామా అని రెండ్రోజుల ముందే అడుగు. వేరే ప్లాన్ ఉందంటే మొహం మాడ్చుకోకుండా మర్నాడు కలువు. ఇద్దరే ఉన్నప్పుడు "నువ్వంటే నాకిష్టం, జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు" అను. అన్నాక నిజంగానే ఆగు, రాత్రి పన్నెండింటికి "ఏమాలోచించావ్" అని మెసేజ్ పెట్టకు.

నిద్రపట్టనిపిల్ల:
ఆ వీడియో ఫ్రెండ్‌ని మాత్రం వెంట తీసుకెళ్ళకు బాబూ.